అమ్మాయి ఇంటి చూరున గడ్డకట్టిన మంచు, లోపల కారుతున్న కప్పు: ఏం చేయాలి?

విభాగం: ఇల్లు, కట్టడం, మరమ్మతులు
నెల్లూరు, ప్రకాశం జిల్లాల వారి చర్చా వేదిక

పెన్నా_గట్టు (నెల్లూరు), జనవరి 11

సభ్యులందరికీ నమస్కారం. మా అమ్మాయీ అల్లుడూ అమెరికాలోని మిన్నెసోటా రాష్ట్రంలో, సెయింట్ పాల్ నగరానికి దగ్గరలో, 1970ల నాటి ఇల్లు ఒకటి పోయిన వేసవిలో కొనుక్కున్నారు. అక్కడి తీరులోనే అది చెక్క చట్రం మీద కట్టిన ఇల్లు. పైకప్పు రెండు వైపులకూ వాలి ఉంటుంది, దానిమీద తారు షింగిల్స్, అంటే పెంకుల్లాగా ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచే తారు పలకలు, పరిచి ఉన్నాయి. గడచిన వారంలో అక్కడ మంచు విపరీతంగా కురిసింది. ఆ తరువాత చలి సున్నాకు పదిహేను, ఇరవై డిగ్రీల దిగువనే ఉంటున్నది. వాన లేదు, మంచును కరిగించేంత ఎండా లేదు. అయినా ముందుగది కిటికీ పైన కప్పులోంచి నీళ్ళు బొట్లుబొట్లుగా కారుతున్నాయి, గోడకు వేసిన రంగు ఉబ్బిపోయింది. బయట చూరు పొడవునా జానెడు మందాన మంచుగడ్డ కట్టి ఉన్నది. అక్కడివారు దీనిని ఐస్ డ్యామ్ అంటారట.

మన దగ్గర మిద్దె కారిందంటే కారణం వెతకడం కష్టం కాదు. కార్తీకంలో తుఫాను వాన పట్టుకున్నప్పుడు తూములో ఆకులు అడ్డుపడ్డాయా, పిట్టగోడ మొదట్లో బీట పడిందా అని చూస్తాము. అంతటి చలిలో అసలు నీరన్నదే ఉండకూడదు కదా, మరి ఈ నీళ్ళు ఎక్కడివి? అల్లుడు శనివారం నిచ్చెన వేసుకుని ఎక్కి గొడ్డలితో ఆ గడ్డను కొట్టేస్తానంటున్నాడు. పిలిచి చూపించిన రూఫింగ్ పనివాడు ఒకాయన కప్పు మొత్తం మార్చాలని చెప్పి వెళ్ళాడట. ఆ దేశంలో ఉన్నవారు, కట్టడాల సంగతి తెలిసినవారు దయచేసి సలహా చెప్పగలరు.

బఫెలో_కందుకూరు (స్వస్థలం కందుకూరు), జనవరి 11

పెన్నా_గట్టు గారూ, ముందుగా అల్లుడు గారిని కప్పు ఎక్కనివ్వకండి. మిగతా సంగతులన్నీ ఆ తరువాతనే. ఆ వాలు మీద, మంచు కింద పాదానికి పట్టు దొరకదు. చలికి షింగిల్స్ పెళుసుబారి ఉంటాయి కనుక గొడ్డలి, సుత్తి, ఉలి ఏది తగిలినా చిట్లుతాయి, ఆ చిట్లిన చోట వచ్చే వానాకాలంలో కొత్తగా కారడం మొదలవుతుంది. పైగా మీటరు పొడవు, 30 సెంటీమీటర్ల వెడల్పు, 15 సెంటీమీటర్ల మందం ఉన్న మంచుగడ్డ ముక్క 40 కిలోలు తూగుతుంది. అది ఊడి పడేటప్పుడు నిచ్చెన కిందనే ఉంటుంది.

ఈ రాత్రికి ఇంటి లోపల చేయవలసినవి చెబుతాను. నీళ్ళు కారే చోటికి దగ్గరలో దీపాలు, ప్లగ్గులు ఉంటే ఆ సర్క్యూట్ బ్రేకరును ఆపివేయాలి. లోకప్పు, అంటే గదిలోంచి కనిపించే లోపలి కప్పు, పలక కిందికి ఉబ్బి కనిపిస్తుంటే, బకెట్టు పెట్టి, ఆ ఉబ్బు మధ్యలో స్క్రూడ్రైవరుతో చిన్న రంధ్రం చేసి నీటిని దించివేయడం మంచిది, లేకుంటే బరువుకు పలక మొత్తం విరిగి పడుతుంది. ఎక్కడెక్కడ తడిసిందో ఫొటోలు తీసి ఉంచుకోవాలి, బీమా కంపెనీ వాటిని అడుగుతుంది. అటకలోకి, అంటే లోకప్పుకూ వాలు పైకప్పుకూ మధ్య ఉండే ఖాళీలోకి, వెళ్ళే వీలుంటే, చలిగాలి కప్పు అడుగుభాగాన సరిగ్గా నీరు దిగుతున్న చోట తగిలేలా ఒక ఫ్యాను పెట్టి తిప్పితే, ఆ నీరు అక్కడికక్కడే గడ్డకట్టి కారడం తాత్కాలికంగా ఆగుతుంది. వినడానికి విడ్డూరంగా ఉన్నా ఇది పనిచేసే ఉపాయమే.

బయట చేయవలసినది మంచును లాగివేయడం. రూఫ్ రేక్ అని, పొడవాటి అల్యూమినియం కర్రకు చివర వెడల్పాటి పలక బిగించిన పనిముట్టు అక్కడి హార్డ్‌వేరు దుకాణాలన్నింటిలో దొరుకుతుంది. నేల మీదనే నిలబడి, చూరు నుంచి పైకి కనీసం నాలుగైదు అడుగుల మేర, మంచును వాలు వెంట నేరుగా కిందికి లాగాలి. అడ్డంగా లాగకూడదు. షింగిల్స్ మీద రెండు అంగుళాల మంచు మిగిలినా ఫరవాలేదు, గీకితే వాటి మీది ఇసుకరవ్వ రాలిపోతుంది. కర్ర లోహమైనది కనుక ఇంటికి వచ్చే కరెంటు తీగ ఎక్కడున్నదో చూసుకుని మరీ ఎత్తాలి.

పెన్నా_గట్టు (నెల్లూరు), జనవరి 11

ధన్యవాదాలు. గొడ్డలి ఆలోచన మానుకున్నాడు. వేడినీళ్ళు పోయడం, ఉప్పు చల్లడం పనికివస్తాయా అని మా శ్రీమతి అడుగుతున్నది.

బఫెలో_కందుకూరు (స్వస్థలం కందుకూరు), జనవరి 12

వేడినీళ్ళు వద్దని చెప్పండి. పోసిన నీళ్ళు రెండడుగులు జారేలోపు చల్లారి, ఉన్న గడ్డకు మరికొంత గడ్డ తోడవుతుంది, గుమ్మం ముందు నేల కూడా జారుడు అవుతుంది. గ్యాసు మంటతో కరిగించబోయి ఇల్లు కాల్చుకున్నవారు ఉన్నారు కనుక ఆ ఆలోచనా రానివ్వకండి.

మనం వంటకు వాడే రకం ఉప్పు, అంటే సోడియం క్లోరైడ్, సున్నాకు తొమ్మిది పది డిగ్రీల దిగువకు వెళ్ళేసరికి దాదాపు పనిచేయడం మానేస్తుంది. అది మేకులను, రేకులను తుప్పు పట్టిస్తుంది, కింది మొక్కలను చంపుతుంది. అక్కడ వాడేది కాల్షియం క్లోరైడ్, అది ఇంకా ఎక్కువ చలిలోనూ మంచును కరిగిస్తుంది. దానిని పాత పొడుగు మేజోళ్ళలో నింపి, మంచుకట్ట మీదుగా చూరుకు నిలువుగా, ఒక కొస గట్టర్ (చూరు అంచున నీటిని పట్టే కాలువ) దాటి బయటికి వేలాడేలా పెడతారు. అది కట్టను మొత్తం కరిగించదు, తన కింద ఒక కాలువ మాత్రం తవ్వుతుంది. వెనుక నిలిచిన నీళ్ళు ఆ కాలువలోంచి పోతే లోపల కారడం ఆగుతుంది. దానికీ మొక్కలకు కొంత హాని ఉన్నది, అందువల్ల గుప్పెళ్ళతో కప్పంతా చల్లకూడదు. నిచ్చెన ఎక్కనవసరం లేకుండా కర్రతో పెట్టగలిగితేనే ఆ పని చేయాలి.

ఇవేవీ చాలకపోతే ఆవిరితో తీసేవారిని పిలవాలి. తక్కువ ఒత్తిడి ఆవిరితో గడ్డను ముక్కలుగా కోసి దించుతారు, షింగిల్స్‌కు ఏమీ కాదు. గంటకు కొన్ని వందల డాలర్లు అడుగుతారు. పిలిచేటప్పుడే, మీరు వాడేది ఆవిరా, అధిక ఒత్తిడితో చిమ్మే వేడినీళ్ళా అని తప్పకుండా అడగమనండి. రెండవది షింగిల్స్ మీది రవ్వను ఊడగొడుతుంది, కానీ కొందరు దానినీ ఆవిరి పనే అని చెప్పుకుంటారు.

ఒంగోలు_సివిల్ (ఒంగోలు, విశ్రాంత ఇంజనీరు), జనవరి 12

ఆ నీళ్ళు ఎక్కడివన్న ప్రశ్నకు ఇంకా జవాబు రాలేదు. రూఫింగ్ పనివాడి మాట నిజమో కాదో తేల్చేది ఆ జవాబే కనుక కొంచెం వివరంగా రాస్తాను.

ఆ నీళ్ళను తయారు చేస్తున్నది వాళ్ళ ఇంటి హీటరే. లోపల గదులు 20, 21 డిగ్రీల వేడిలో ఉంటాయి. ఆ వేడిగాలి తేలికైనది కనుక పైకి లేచి, లోకప్పులో ఉన్న ప్రతి సందులోంచి అటకలోకి చేరుతుంది. మనం పాత ఇళ్ళలో గాలి పోవడానికని కప్పు దగ్గర కావాలనే వెంటిలేటర్లు పెట్టుకునేవాళ్ళం. అక్కడ ఎవరూ పెట్టకుండానే అలాంటి దారులు ఏర్పడి ఉంటాయి. అటక వేడెక్కితే కప్పు చెక్క వేడెక్కుతుంది, దాని మీది మంచు అడుగునుంచి కరుగుతుంది. మంచు పొరలో అధికభాగం గాలే కావడం వల్ల అడుగు మందం మంచు పడితే అది కూడా చలిని ఆపే పొర అవుతుంది. అందువల్ల బయట చలి సున్నాకు ఇరవై డిగ్రీల దిగువన ఉన్నా, మంచు కింద కప్పు ఉపరితలం సున్నా దాటడానికి లోపలి నుంచి పెద్ద వేడి అవసరం లేదు. మంచు ఎక్కువగా పడిన వారంలోనే ఈ బాధ మొదలవడానికి కారణం ఇదే.

ఒక లెక్క చూడండి. కిలో మంచు కరగడానికి 334 కిలోజౌళ్ళు కావాలి. ఇంటి మొత్తం మీద ఒక కిలోవాట్ వేడి, అంటే మన స్నానాలగది గీజరులో సగం, అటకలోకి పోయి కప్పు మీది మంచును కరిగించడానికే ఖర్చయిందనుకుంటే, రోజుకు 250 లీటర్లకు పైగా నీరు తయారవుతుంది. ఆ నీరు మంచు పొర కిందుగా చూరు వైపు జారుతుంది. చూరు గోడ దాటి బయటికి చొచ్చుకు వచ్చి ఉంటుంది కనుక దాని కింద ఇల్లు లేదు, వేడి లేదు, అది బయటి చలిలోనే ఉంటుంది. అక్కడికి చేరిన నీరు గడ్డకడుతుంది. రోజురోజుకూ ఆ గడ్డ ఎత్తు పెరిగి కట్ట అవుతుంది, వెనుక నుంచి వచ్చే నీరు దానికి ఎగువన నిలుస్తుంది.

నిలిచిన నీరు లోపలికి ఎందుకు దిగుతుందో మన పెంకుటిల్లు తెలిసినవారికి వేరే చెప్పనక్కరలేదు. పై వరుస పెంకు కింది వరుస మీద ఎక్కి ఉంటుంది, నీరు కిందికి పారుతున్నంతసేపే ఆ అమరిక వానను ఆపుతుంది, నీరు నిలిచి వెనక్కి ఎక్కితే ప్రతి అతుకూ ఒక దారే. షింగిల్స్ కూడా అంతే. అవి నీటిని పారించడానికి పెట్టినవి, మన కాంక్రీటు మిద్దెలాగా నీటిని నిలుపుకోవడానికి పెట్టినవి కావు.

కాబట్టి కప్పు మంచిదే అయి ఉండవచ్చు. లోకప్పు సందులను అలాగే ఉంచి కొత్త షింగిల్స్ వేయిస్తే, వచ్చే జనవరిలో కొత్త కప్పు మీద అదే కట్ట పడుతుంది.

కావలి_కప్పులు (కావలి), జనవరి 12

ఇంజనీరు గారి మీద గౌరవంతోనే విభేదిస్తున్నాను. మేము మిద్దెలకు వాటర్‌ప్రూఫింగ్ పనులు చేస్తాము. నీరు ఎలా వచ్చినా, పొర బాగుంటే లోపలికి దిగదు. 2015, 2021 నవంబరు వానల్లో మిద్దెల మీద నీళ్ళు నిలిచిపోయినా, పొర సరిగా వేసిన ఇళ్ళు కారలేదు. అక్కడ కూడా షింగిల్స్ మీద మంచి పూత వేయిస్తే, వేడి సంగతి తీరికగా చూసుకోవచ్చు గదా?

ఒంగోలు_సివిల్ (ఒంగోలు, విశ్రాంత ఇంజనీరు), జనవరి 13

మీ మాటలో సగం నిజమున్నది, ఆ సగాన్ని అక్కడివారు నిబంధనగానే పెట్టుకున్నారు. చూరున మంచుకట్టలు పడే ప్రాంతాలలో, షింగిల్స్ కింద, చెక్కకు అంటుకుపోయే తారు పొరను, చూరు అంచు నుంచి మొదలుపెట్టి బయటి గోడ లోపలి వైపుకు కనీసం 24 అంగుళాలు దాటేవరకు పరచాలని అమెరికా ఇళ్ళ నిర్మాణ నియమావళి చెబుతుంది. మేకు దిగిన చోట కూడా ఆ పొర మేకు చుట్టూ మూసుకుపోతుంది. అయితే దానిని వేయాలంటే షింగిల్స్ ఊడదీయాలి, కనుక అది కప్పు మార్చే ఏటి పని. ఆ ఇంటికి ఎప్పుడో ఒకప్పుడు కప్పు మార్చినప్పుడు ఆ పొర వేశారో లేదో కనుక్కోవాలి. వేయకపోయి ఉంటే, మార్చే రోజు వచ్చినప్పుడు అడిగి వేయించుకోవాలి.

షింగిల్స్ పైన పూత మాత్రం కూడదు. గడ్డకట్టే చలిలో అది అంటదు. ఎండాకాలంలో వేసినా అతుకుల మధ్య చేరిన తడి బయటికి పోయే దారి మూసుకుపోయి కింది చెక్క కుళ్ళుతుంది. పైగా మిద్దె మీది నీరు రెండు రోజుల్లో ఎండుతుంది. అక్కడి కట్ట వెనుక నీరు మార్చి దాకా ఉండవచ్చు, గడ్డ బరువుకు గట్టర్ ఊడి రావచ్చు. పొర వల్ల ఇవి ఆగవు.

కావలి_కప్పులు (కావలి), జనవరి 13

కింద వేసే పొర అంటే ఒప్పుకుంటాను. ఆ మేకు సంగతి నాకు కొత్త. మా పనికి వాడే టార్ ఫెల్ట్‌కు ఆ గుణం లేదు.

పెన్నా_గట్టు (నెల్లూరు), జనవరి 15

రేక్ తెచ్చి మంచు లాగారు, కాల్షియం క్లోరైడ్ మేజోళ్ళు కూడా పెట్టారు. కారడం బాగా తగ్గింది. ఇప్పుడు రెండు సందేహాలు. అటకలో ఇన్సులేషన్, అంటే వేడి పోకుండా పరిచిన మెత్త, దాదాపు ఆరంగుళాల మందం ఉన్నదట, అది చాలదా? రెండవది, చూరు వెంట వేడెక్కే కరెంటు కేబుళ్ళు పెట్టిస్తే చిక్కు వదులుతుందని పక్కింటాయన చెప్పాడట.

కోవూరు_ఆడపడుచు (స్వస్థలం కోవూరు, మిన్నెసోటా నివాసం), జనవరి 16

పెద్దనాన్న గారూ, నేను మీ అమ్మాయి వాళ్ళకు ఒక గంట దూరంలోనే ఉంటాను. ఇంధన పొదుపు తనిఖీలు చేసే సంస్థలో పనిచేస్తాను కనుక చలికాలమంతా ఇలాంటి అటకలలోనే గడుస్తుంది. ఆరంగుళాలు చాలదు. ఇన్సులేషన్ వేడిని ఎంత ఆపుతుందో ఇక్కడ ఆర్-విలువలో కొలుస్తారు. మామూలు ఫైబర్‌గ్లాస్ (గాజు పీచు) గాని సెల్యులోజ్ (కాగితపు పీచు) గాని అంగుళానికి సుమారు 3 వస్తుంది, అంటే వాళ్ళకున్నది 20కి అటూ ఇటూ. ఈ రాష్ట్రంలో కొత్త ఇళ్ళకు 49 ఉండాలి, అంటే పద్నాలుగు, పదహారు అంగుళాల మందం.

అయితే వెంటనే ఇన్సులేషన్ పోయించవద్దని వాళ్ళకు గట్టిగా చెప్పండి. చాలామంది కాంట్రాక్టర్లు మొదట అదే అమ్ముతారు, ఒక్క పూటలో అయ్యే పని కనుక. ఫైబర్‌గ్లాస్ గాలిని ఆపదు. సందులోంచి వచ్చే వేడిగాలి దానిలోంచి వడపోసినట్టు పైకి పోతూనే ఉంటుంది. పాత ఫైబర్‌గ్లాస్ పరుపును ఎత్తి చూస్తే కొన్నిచోట్ల నల్లటి మరకలు కనిపిస్తాయి, అవి చాలాసార్లు ఏళ్ళ తరబడి అక్కడ గాలి ప్రవహించిందనడానికి గుర్తులు. ముందు ఆ సందులు మూయాలి, మూసిన తరువాత ఇన్సులేషన్ వేయాలి, వేసేటప్పుడు చూరు దగ్గర గాలి దారి మూసుకుపోకుండా చూడాలి. ఈ వరుస తప్పితే, సందులు మూయడానికి మళ్ళీ పద్నాలుగు అంగుళాల మెత్తను తోడుకోవాలి.

సందులు ఎక్కడుంటాయంటే, ఇంటివారు ఊహించే చోట ఉండవు. లోపలి గోడలకు పైన ఉండే చెక్కకూ లోకప్పు పలకకూ మధ్య సన్నటి చీలిక ఉంటుంది, అది గోడల పొడవంతా కలిపితే పెద్ద కిటికీ తెరిచినంత. మురుగు గొట్టాలకు గాలి ఇచ్చే పైపు లోకప్పును దాటే చోట, కరెంటు తీగలు దిగే రంధ్రాల దగ్గర, కప్పులోకి దిగేసి పెట్టిన గుండ్రటి దీపాల చుట్టూ, వంటింటి అల్మారాల మీద దించి కట్టిన బోలు పెట్టె లోపల ఇలాంటివే ఉంటాయి. అన్నిటికంటే పెద్దది పొగగొట్టం చుట్టూ వదిలిన ఖాళీ. అగ్ని భద్రత కోసం వదిలిన ఆ ఖాళీని ఫోముతో నింపకూడదు. రేకు కత్తిరించి బిగించి, వేడికి తట్టుకునే సీలెంట్‌తో అంచులు మూయాలి. పాత రకం గుండ్రటి దీపాల మీద కూడా ఇన్సులేషన్ కప్పకూడదు, అవి వేడెక్కి నిప్పు పుడుతుంది. వాటిని తీసి, గాలి చొరని ఎల్‌ఈడీ దీపాలు పెట్టించడమే సులువు. అటక తలుపు సంగతి మరచిపోతారు. అది మామూలు చెక్కపలక అయితే దాని వెనుక మందపాటి ఫోము పలక అతికించి, అంచులకు రబ్బరు పట్టీ వేయాలి.

స్నానాలగది ఫ్యాను ఎక్కడికి ఊదుతున్నదో కూడా చూడమనండి. పాత ఇళ్ళలో దాని గొట్టాన్ని అటకలోనే వదిలేస్తారు. ఆవిరి, వేడి రెండూ అక్కడే చేరి చెక్క అడుగున తెల్లటి మంచుగా పేరుకుంటాయి, ఎండ తగిలిన రోజున అదే కరిగి కారుతుంది. చాలామంది దాన్ని మంచుకట్ట వల్ల కారిన నీరనుకుంటారు. మన వంటల్లో ఉడికించడం, ఆవిరి పట్టడం ఎక్కువ కనుక పొయ్యి మీది హుడ్ బయటికి ఊదేదే ఉండాలి, తిరిగి గదిలోకే వదిలేది చాలదు.

కొలవకుండా సందులు వెతకడం వృథా. తలుపు స్థానంలో పెద్ద ఫ్యాను బిగించి ఇంట్లోని గాలిని బయటికి లాగే బ్లోయర్ డోర్ పరీక్ష చేయించి, అది నడుస్తుండగా థర్మల్ కెమెరాతో చూస్తే ప్రతి సందూ రంగు తేడాతో బయటపడుతుంది. ఇక్కడి గ్యాసు, కరెంటు కంపెనీలు ఈ తనిఖీని తక్కువ రుసుముకు ఏర్పాటు చేస్తాయి. అంతకంటే ముందు ఉచితమైన పరీక్ష ఒకటున్నది. మంచు పడిన మరునాటి ఉదయం వీధిలో నిలబడి అందరి కప్పులనూ పోల్చి చూడాలి. పక్కిళ్ళ మీద మంచు సమంగా ఉండి, తమ ఇంటి మీద మధ్యమధ్య షింగిల్స్ బయటపడితే, వేడి పోయే చోటు సుమారుగా ఆ మచ్చ కిందనే ఉంటుంది.

బఫెలో_కందుకూరు (స్వస్థలం కందుకూరు), జనవరి 16

ఆడపడుచు గారు చెప్పినదానికి ఒక జాగ్రత్త జోడిస్తాను. ఇల్లు గట్టిగా మూసిన తరువాత, పొగగొట్టం మీద ఆధారపడే పాతరకం గ్యాసు హీటరు గాని వాటర్ హీటరు గాని ఉంటే, దాని పొగ పైకి పోక ఇంట్లోకే తిరగవచ్చు. పని ముగిసిన రోజునే పొగ సరిగా పైకి పోతున్నదో లేదో పరీక్ష చేయించి, కార్బన్ మోనాక్సైడ్ అలారం పడకగదుల దగ్గర ఉన్నదో లేదో చూసుకోవాలి. మంచు లాగేటప్పుడు గోడలోంచి బయటికి వచ్చే హీటరు పొగ గొట్టం నోరు మంచు కుప్పల కింద పూడిపోకుండా కూడా చూసుకోవాలి. కప్పు మీది మంచంతా సరిగ్గా అక్కడే పడుతుంది.

గూడూరు_లైన్ (గూడూరు, విద్యుత్ శాఖలో చేసి విశ్రాంతి), జనవరి 17

కేబుళ్ళ గురించి నాకు తెలిసినంత రాస్తాను. అడుగుకు సుమారు 5 నుంచి 8 వాట్ల వరకు తీసుకునేవి ఉంటాయి. చూరు వెంట వంకరటింకరగా వేసి, గట్టర్‌లోకీ కిందికి దిగే గొట్టంలోకీ కూడా దించాలి కనుక మామూలు ఇంటికి వందల అడుగులు పడతాయి. 200 అడుగులంటే ఒక కిలోవాట్ నుంచి 1.6 కిలోవాట్ల దాకా, చలికాలమంతా. ఇంజనీరు గారి లెక్కతో కలిపి చూస్తే, అటకలోకి పారిపోయిన వేడికి ఒకసారి, ఆ వేడి చేసిన మంచుగడ్డను కరిగించడానికి ఇంకోసారి బిల్లు కట్టినట్టవుతుంది. పెట్టినా సరే, ఎర్త్ లీకేజీకి పడిపోయే బ్రేకరు మీదనే పెట్టాలి. తడి, లోహపు గట్టర్, కరెంటు మూడూ ఒకే చోట ఉంటాయి.

బఫెలో_కందుకూరు (స్వస్థలం కందుకూరు), జనవరి 17

నేను కేబుళ్ళను పూర్తిగా కొట్టిపారేయను. మా ఇంట్లో ఒక గదికి అటక లేదు. లోకప్పే కప్పు వాలుతోపాటు వాలి ఉంటుంది, రెండింటి మధ్య ఉన్న సందంతా ఇన్సులేషనే. అక్కడ లోపలికి దూరి సందులు మూసే మార్గం లేదు, కప్పు మార్చేటప్పుడు పైనుంచి గట్టి ఫోము పలకలు వేసి, వాటి మీద గాలి ఆడే ఖాళీ వదిలి మళ్ళీ చెక్క వేయాలి. ఆ ఖర్చు పెట్టే ఏడు వచ్చేదాకా ఆ ఒక్క చూరుకే కేబుల్ ఉంచాము. రెండు వాలులు కలిసే లోయలు, కప్పులోంచి లేచే కిటికీల వెనుకభాగాలు కూడా అలాంటి చోట్లే. అటక ఉన్న ఇంటికి మాత్రం అది సరైన మందు కాదు.

మార్కాపురం_పలక (మార్కాపురం), జనవరి 18

మా ఊరి పలకరాయి కూడా పైకప్పులకు పనికివస్తుందంటారు కనుక అడుగుతున్నాను. షింగిల్స్ బదులు పలకరాయి గాని, రేకులు గాని వేస్తే ఈ బాధ తప్పుతుందా?

ఒంగోలు_సివిల్ (ఒంగోలు, విశ్రాంత ఇంజనీరు), జనవరి 18

పలకరాయి కూడా ఒకదాని మీద ఒకటి ఎక్కించి పరిచేదే, నిలిచిన నీటిని అదీ ఆపదు. నునుపైన లోహపు రేకు మీద మంచు నిలవక జారిపోతుంది కనుక కట్ట పడే అవకాశం తక్కువ. అయితే జారే మంచు ఒక్కసారిగా, గుమ్మం ముందు మనిషి ఉన్నా లేకపోయినా పడుతుంది. దానిని ఆపడానికి రేకు మీద అడ్డుపట్టీలు బిగిస్తే మంచు నిలుస్తుంది, కథ మొదటికి వస్తుంది. పైకప్పు దేనితో చేసినదైనా కింది వేడిని ఆపక తప్పదు.

పెన్నా_గట్టు (నెల్లూరు), జనవరి 22

తనిఖీ జరిగింది. ఆడపడుచు గారు చెప్పిన జాబితాలో దాదాపు అన్నీ దొరికాయి. స్నానాలగది ఫ్యాను అటకలోకే ఊదుతున్నదట, పొగగొట్టం చుట్టూ చెయ్యి దూరేంత ఖాళీ ఉన్నదట. తడిసిన గోడకు బీమా వర్తిస్తుందనీ, మంచు తీయించిన ఖర్చుకు తమ పాలసీలో వర్తించదనీ కంపెనీ చెప్పింది. మరో కాంట్రాక్టరు వచ్చి, అటకలోని వేడిని బయటికి లాగే కరెంటు ఫ్యాను కప్పుకు బిగిస్తే సందులు మూయనక్కరలేదని అంటున్నాడు. వీటికి తోడు ఫైబర్‌గ్లాస్ కింద ఒక మూల బూడిదరంగు, బంగారు రంగు కలిసిన మెరిసే గుల్ల రవ్వలు కనిపించాయట. అల్లుడు వాటిని తీసి సంచుల్లోకి ఎత్తుదామనుకుంటున్నాడు.

కోవూరు_ఆడపడుచు (స్వస్థలం కోవూరు, మిన్నెసోటా నివాసం), జనవరి 22

పెద్దనాన్న గారూ, ఆ రవ్వలను ముట్టుకోవద్దని వెంటనే ఫోను చేసి చెప్పండి. ఆ వర్ణన వర్మిక్యులైట్‌కు, అంటే ఇన్సులేషన్‌గా పోసే ఒక ఖనిజానికి, సరిపోతుంది. అమెరికాలో 1990కి ముందు అటకలలో పోసిన వర్మిక్యులైట్‌లో చాలాభాగం మోంటానా రాష్ట్రంలోని లిబ్బీ గని నుంచి వచ్చింది, ఆ గనిలోని రాతిలో ఆస్‌బెస్టాస్ కలిసి ఉన్నది. కదిపితే ఆ పీచు గాలిలోకి లేచి ఊపిరితిత్తుల్లోకి పోతుంది. అందులో ఆస్‌బెస్టాస్ ఉన్నదనే అనుకుని, ఊడ్వకుండా, వాక్యూమ్ పెట్టకుండా, అటక తలుపు మూసి, లైసెన్సు ఉన్న ఆస్‌బెస్టాస్ తొలగింపు సంస్థతో తీయించాలి. అది తీసేవరకు బ్లోయర్ డోర్ పరీక్ష మళ్ళీ చేయనివ్వకూడదు, ఆ ఫ్యాను అటక గాలిని ఇంట్లోకి లాగుతుంది. సందులు మూసే పని వేసవికి వాయిదా పడినా ఫరవాలేదు, ఈ చలికాలానికి రేక్ సరిపోతుంది. మంచు పడిన ప్రతిసారీ, అది గట్టిపడకముందే లాగాలి. ఒకవేళ లాగిన గీతకు ఎగువన రెండవ కట్ట పడడం కనిపిస్తే ఇంకో మూడడుగులు పైకి లాగాలి.

కరెంటు ఫ్యానుకు ఒప్పుకోవద్దు. అది అటకలోంచి గాలిని లాగినప్పుడు, ఆ గాలి స్థానంలోకి లోకప్పు సందుల ద్వారా ఇంట్లోని వేడిగాలే మరింతగా వస్తుంది. అటకకు కావలసింది చూరు కింది సాఫిట్ రంధ్రాలలోంచి లోపలికి, కొప్పున ఉన్న రిడ్జ్ వెంట్‌లోంచి బయటికి తనంతట తాను ఆడే చలిగాలి. కొత్త ఇన్సులేషన్ వేసే రోజున ప్రతి వాసపు సందులోనూ, చూరు దగ్గర, కప్పు చెక్కకు ఆనించి గాలిదారి పలకలు బిగించారో లేదో ఫొటోలు తీసి పంపమని కాంట్రాక్టరుతో ముందే కాగితం మీద రాయించుకోమనండి. మెత్త పోసేశాక అవి కనిపించవు.

పెన్నా_గట్టు (నెల్లూరు), జనవరి 22

చెప్పాను. అటక తలుపు మూసి టేపు వేశారు. తొలగింపు సంస్థల జాబితా ఆ రాష్ట్ర ఆరోగ్యశాఖ దగ్గర ఉంటుందని అమ్మాయి చెప్పింది, రేపు ఫోను చేస్తారు. ధరలు వచ్చాక ఇక్కడే రాస్తాను.